బస్తీవాళ్లతో కలిసి ఆరోగ్య పరిశోధన: నాలుగు దేశాల్లో ఒకే పని ఎలా నడపాలి

"నాలుగు దేశాల ప్రాజెక్టు వచ్చింది. ప్రపోజల్‌లో ప్రజల భాగస్వామ్యం అని రాసేశాం. ఇప్పుడు నిజంగా ఏం చేయాలి?" ఈ మధ్య నన్ను ఇలా అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. చిన్న సంస్థల్లో పనిచేసేవాళ్లు, ప్రజారోగ్యం చదివే పిల్లలు, కొత్తగా ఫీల్డ్ కోఆర్డినేటర్లుగా చేరినవాళ్లు. అందరూ మొదటి విడత డబ్బు పడ్డాకే అడుగుతారు. అప్పటికే ఏం అడగాలో, ఎవరిని అడగాలో, దేనికి ఎంత ఖర్చు పెట్టాలో బస్తీ మొహం చూడనివాళ్లు తేల్చేసి ఉంటారు.

నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ప్రశ్న, డబ్బు, సమాచారం: ఈ మూడింటి మీద బస్తీవాళ్ల మాట ఎంతవరకు చెల్లుతుందో కాగితం మీద తేలాకే సర్వే ఫారం ముట్టుకోండి.

ఉదాహరణలకు విజయవాడ, ఢాకా, నైరోబీ, ఫ్రీటౌన్ తీసుకున్నాను. 2019లో మొదలైన అరైజ్ అనే పరిశోధన ఈ నగరాలున్న భారత్, బంగ్లాదేశ్, కెన్యా, సియెర్రా లియోన్‌లలోనే నడిచింది. మన దగ్గర విజయవాడ, గుంటూరుల్లో చెత్త ఏరుకుని బతికేవాళ్లతో పనిచేసింది. నేను చేసింది వేరే ప్రాజెక్టులో, విజయవాడ వైపు. కింద చెప్పే తప్పులన్నీ మా టీమువే.

1. ప్రపోజల్ రాయకముందు: చివరి మాట ఎవరిది?

షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అట్టడుగున మభ్యపెట్టడం, మధ్యలో చెప్పడం, అడగడం, పైమెట్ల మీద అధికారం నిజంగా చేతికివ్వడం. ఆ బొమ్మ గోడకు అంటించుకుని లాభం లేదు. ఒక తెల్ల కాగితం మీద ఈ ఆరు నిర్ణయాలు రాసి, ఒక్కోదాని పక్కన చివరి మాట ఎవరిదో రాయండి.

☐ ఏ ఆరోగ్య సమస్య మీద పని
☐ ఏ బస్తీలు, ఏ ఇళ్లు
☐ ప్రశ్నలు ఏ మాటల్లో ఉండాలి
☐ డబ్బు ఎవరికి, ఎంత, ఎప్పుడు
☐ సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరు చూడొచ్చు
☐ ఫలితాలు ముందు ఎవరికి చెప్పాలి

ఆరింటికీ "మేమే" అని వస్తే అది మామూలు సర్వే. మామూలు సర్వే చేయడం తప్పు కాదు, దాన్ని భాగస్వామ్యం అనడమే తప్పు. కనీసం రెండింటిలో బస్తీదే చివరి మాట కావాలి, అందులో ఒకటి సమాచారం గురించి కావాలి. ఇది నా పట్టుదల. ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధం.

నాలుగు నగరాల్లో నాలుగు రకాల జవాబులు రావచ్చు. నైరోబీలో ముఉంగానో వా వనవిజీజి, ఫ్రీటౌన్‌లో పట్టణ, గ్రామీణ పేదల సమాఖ్య తమ బస్తీల లెక్కలు తామే తీసుకున్న అనుభవం ఉన్న సంఘాలు. అక్కడ "ఏ ఇళ్లు" అన్న నిర్ణయం వాళ్లకే వదిలేయొచ్చు. అలాంటి అనుభవం లేని చోట మొదటిరోజే ఆ బరువు మోపితే అది బస్తీ పెత్తందారు చేతికి పోతుంది.

2. బస్తీలో ఇప్పటికే ఎవరున్నారో చూడండి

మొదటి నెలలో కొత్త కమిటీ వేయకండి. ఉన్న కమిటీలు ఎన్నో లెక్కపెట్టండి.

మన దగ్గర 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. అది కాగితం మీద ఉందా, ప్రాణంతో ఉందా అన్నది ఆశా కార్యకర్తను అడిగి, చివరి మీటింగ్ సంతకాలు చూస్తే తెలుస్తుంది. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉండే మహిళా పొదుపు సంఘాలు వేరు, వాటి పని చూసే ఆర్పీ (రిసోర్స్ పర్సన్) వేరు. నైరోబీలో ముకురు ప్రాంతాన్ని 2017లో ప్రత్యేక ప్రణాళికా ప్రాంతంగా ప్రకటించాక పది ఇళ్లకు ఒక గుంపు చొప్పున జనాన్ని కూర్చారు. బ్రెజిల్‌లో అయితే 1990 నాటి చట్టం వల్లే ఆరోగ్య మండళ్లు ఉన్నాయి. వాటిలో సగం సీట్లు వైద్యసేవలు వాడుకునే జనానివి. మీరు వెళ్లే దేశంలో ఇలాంటిదేదో ఉండే ఉంటుంది.

తరువాత గుమ్మం దగ్గర కాపలా ఎవరిదో చూడండి. విజయవాడలో కార్పొరేటర్, బస్తీ పెద్ద, పాస్టర్ లేదా మసీదు కమిటీ. నైరోబీలో ప్రభుత్వం వేసిన చీఫ్, ఆయన కింద ఊరి పెద్దలు. ఢాకాలో గదులు అద్దెకిచ్చే ఇంటి ఓనర్ల మాట బరువైనది. వీళ్లకు చెప్పకుండా లోపలికి వెళ్లలేం. వీళ్లకు చెప్పి ఊరుకున్నా పని కాదు. అద్దెకుండేవాళ్లు, వలసవచ్చినవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు బస్తీ పెద్ద ఇచ్చే పేర్లలో సాధారణంగా ఉండరు.

మా తప్పు: మొదటి నెలంతా ఉదయం 11 గంటలకే వెళ్లాం. ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు కనిపించారు. చెత్త ఏరేవాళ్లు అక్కడ లేరనే అనుకున్నాం. వాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకే గోనెసంచులతో బయటపడుతున్నారని టీకొట్టు ఆయన చెబితే గానీ తెలియలేదు.

సరిచేసుకునే దారి: ఒకే వీధిలో తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదికి, మూడుసార్లు నడవండి. ఫారాలు వద్దు, చిన్న నోటుబుక్ చాలు.

పేరు విషయం కూడా ఇక్కడే తేల్చుకోండి. "మురికివాడ" అన్న మాట ప్రభుత్వ ఫారాల్లో ఉంది కదా అని మీ ఫారంలో పెట్టకండి. ఎవరూ తాము మురికిలో ఉంటున్నామని పరిచయం చేసుకోరు. ఢాకాలో కూడా మన మాటే వాడతారు, బస్తీ అని. నైరోబీ సంఘం పేరులో ఉన్న "వనవిజీజి"కి అర్థం ఊరివాళ్లని. మహానగరం నడిబొడ్డున ఉంటూ తమది ఊరు అంటారు. వాళ్లు తమ చోటును ఏ పేరుతో పిలుచుకుంటే మీరూ ఆ పేరుతోనే పిలవండి.

3. అనుమతులు: వరస తప్పితే నెలలు పోతాయి

పరిశోధన వల్ల జనానికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ప్రతి దేశంలో వేరు. మన దేశంలో విదేశీ భాగస్వామ్యం ఉంటే ఆ ఆమోదంతో పాటు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ద్వారా ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ ఆమోదం కూడా కావాలి. కెన్యాలో ఎథిక్స్ ఆమోదంతో పాటు అక్కడి ప్రభుత్వ పరిశోధనల సంస్థ నకోస్టి ఇచ్చే లైసెన్సు కూడా ఉండాలి. ఇవన్నీ అయ్యాక మున్సిపల్ ఆఫీసు ఉత్తరం.

చిక్కేమిటంటే, ప్రశ్నలు బస్తీవాళ్లతో కలిసి తయారుచేయాలంటే ముందు బస్తీకి వెళ్లాలి. ఎథిక్స్ కమిటీ మాత్రం ప్రశ్నలు ముందే చూపించమంటుంది. దీనికి మందు అప్లికేషన్‌ను రెండు దశలు చేయడం. మొదటి దశ: మాట్లాడుకోవడం, మ్యాపింగ్, ప్రశ్నల తయారీ. రెండో దశ: తయారైన ఫారం సవరణగా పెట్టడం. మొదటి అప్లికేషన్‌లోనే "ఫారం తరువాత వస్తుంది, ఇదీ తయారుచేసే పద్ధతి" అని రాయండి. నాలుగు దేశాల్లో చివరి అనుమతి ఎప్పుడొస్తుందో ఆ తేదీ నుంచే క్యాలెండర్ లెక్క వేయండి, మొదటి అనుమతి తేదీ నుంచి కాదు.

4. డబ్బు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నేను చూసినంతలో ప్రాజెక్టులు చెడేది ఇక్కడే.

రోజు కూలి మీద బతికే మనిషి ఒక పూట మీటింగ్‌లో కూర్చుంటే ఆ పూట సంపాదన పోయినట్టే. సమోసా, టీ ఇచ్చి "వచ్చినందుకు చాలా థ్యాంక్స్ అమ్మా" అంటే సరిపోదు. బ్రిటన్‌లో ఎన్ఐహెచ్ఆర్ అనే ప్రభుత్వ సంస్థ నిధులిచ్చే ఆరోగ్య పరిశోధనల్లో పాలుపంచుకునే ప్రజలకు గంటకు, పూటకు, రోజుకు ఎంతన్నది ముందే రాసి ఉంచే పద్ధతి ఉంది. ఆ రేట్లు మనకు పనికిరావు, పద్ధతి పనికొస్తుంది.

నాలుగు దేశాల్లో ఒకే డాలరు రేటు పెడితే న్యాయంగా ఉంటుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. రేటు వేరైనా సూత్రం ఒకటి: ఆ పూట పోయిన సంపాదన కన్నా తక్కువ ఇవ్వకూడదు. ఆ సంపాదన ఎంతో ఆఫీసులో ఊహించకండి, అక్కడి ఐదారుగురిని అడగండి.

రెండు ఖాతాలు విడిగా ఉంచండి. సర్వేలో జవాబులు చెప్పిన మనిషికి ఇచ్చేది పోయిన సమయానికి పరిహారం. దాన్ని ఎథిక్స్ కమిటీ చూస్తుంది, మరీ ఎక్కువైతే ఆశ చూపినట్టవుతుంది. సహపరిశోధకులకు, అంటే మీ టీములో చేరి సర్వే చేసే బస్తీవాళ్లకు, ఇచ్చేది జీతం. రెండూ కలిపేస్తే ఆడిట్‌లో మీకూ, బస్తీలో వాళ్లకూ టెన్షన్.

చేతికి ఎలా అందుతుందో చూడండి. కెన్యాలో ఎం-పెసా, బంగ్లాదేశ్‌లో బికాష్, మన దగ్గర యూపీఐ. చెల్లించడం తేలికే. కానీ మా దగ్గర ఒకావిడకు మూడు మీటింగుల డబ్బు వరసగా యూపీఐలో వేశాం. నాలుగో మీటింగ్‌కి రాలేదు. ఇంటికి వెళ్తే, "ఫోను మా పెద్దోడిది మేడమ్. మీరేశారో లేదో కూడా నాకు తెలీదు" అంది. మూడుసార్లూ మేం స్క్రీన్‌షాట్ తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాం. అప్పటినుంచి ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో మొదటి మీటింగ్‌లోనే అడుగుతున్నాం.

ఇంకొకటి మన దేశానికే ప్రత్యేకం. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తరువాత, అలా వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. నైరోబీ టీము సంఘానికి నేరుగా నిధులు ఇచ్చేసి "మీరూ అలాగే చేయండి" అంటుంది. మనకు అది కుదరదని మొదటి కాల్‌లోనే చెప్పండి. ప్రపోజల్ దశలోనే ఆడిటర్‌ను కూర్చోబెట్టుకుని, బస్తీ సంఘం చేసే పనికి ఏ పద్దు కింద ఎలా చెల్లించాలో రాయించుకోండి. ఈ సంగతి డబ్బు వచ్చాక తెలిసి, సంఘానికి ఇచ్చిన మాట తప్పాల్సి వచ్చిన టీములను చూశాను.

☐ రేటు కాగితం స్థానిక భాషలో, అందరికీ కనబడేలా
☐ డబ్బు అదే రోజు లేదా చెప్పిన తేదీకి
☐ రానుపోను ఛార్జీలు, పిల్లలను చూసుకునే మనిషికి కూలి
☐ రసీదులో ఏ పనికో స్పష్టంగా
☐ ఫోన్, ఖాతా ఎవరి పేరున, ఎవరి చేతిలో

5. సహపరిశోధకులు

చదువు కొలబద్ద పెడితే బస్తీలో డిగ్రీ చదివిన ముగ్గురు కుర్రాళ్లు వస్తారు. వాళ్లు మంచివాళ్లే, కానీ ప్రసవం గురించి, తెల్లబట్ట గురించి ఏ ఆడమనిషీ వాళ్లకు చెప్పదు. రాయగలిగిన ఒకరిని, మాట్లాడించగలిగిన ఒకరిని జంటగా పంపండి. మా అనుభవంలో ఈ జంట పద్ధతి కన్నా బాగా పనిచేసింది ఇంకేదీ లేదు.

శిక్షణ మూడు రోజులు వరసగా పెట్టకండి. కూలిపనికి వెళ్లేవాళ్లకు వారానికి రెండు సాయంత్రాలు, నాలుగు వారాలు నయం. మొదటి సాయంత్రం ప్రశ్నలు అడగడం నేర్పకండి. విన్నది బయట చెప్పకుండా ఉండటం నేర్పండి. పక్కింటావిడకు టీబీ ఉందని ఫారంలో రాసిన మనిషి మర్నాడు అదే కొళాయి దగ్గర నిలబడాలి. సొంత వీధిలో సొంతవాళ్లు సర్వే చేయకూడదు, పక్క వీధి ఇవ్వండి. అందరికీ అందరూ తెలిసిన చిన్న పేట అయితే పక్క పేట వాళ్లను తెచ్చుకోండి.

6. ప్రశ్నలు: అనువాదం దగ్గర ఆగితే మోసపోతాం

ఇంగ్లిష్ ఫారం తెలుగులోకి, బెంగాలీలోకి, కెన్యా భాష స్వాహిలీలోకి, సియెర్రా లియోన్‌లో మాట్లాడే క్రియోలోకి మార్చి, వేరే మనిషితో వెనక్కి ఇంగ్లిష్‌లోకి మార్పించి సరిచూస్తారు. ఇది చేయాల్సిందే. కానీ దీనివల్ల మాటలు సరిపోతాయి, అర్థాలు సరిపోవు.

జ్వరాన్నే తీసుకోండి. "గత రెండు వారాల్లో జ్వరం వచ్చిందా?" అంటే స్వాహిలీలో "హోమా" అన్న మాట వస్తుంది. అది జ్వరానికీ చెల్లుతుంది, జలుబు చేసి ఒళ్లు బాగోలేకపోవడానికీ చెల్లుతుంది. మన దగ్గర ఒళ్లు కాలుతున్నా "జ్వరం కాదండీ, వేడి చేసింది" అనేవాళ్లున్నారు. ఒకచోట లెక్క పెరుగుతుంది, ఇంకోచోట తగ్గుతుంది. రెండూ ఒక పట్టికలో పక్కపక్కన పెట్టి నైరోబీలో జ్వరాలు ఎక్కువని రాస్తాం.

రెండోది డాక్టరు. "జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లారా?" అన్నదానికి మా ఫారాల్లో దాదాపు అందరూ అవునన్నారు. తరువాత మా సహపరిశోధకురాలు ఒకరు నవ్వుతూ, "అక్కా, మా వీధి చివర సూదిమందు వేసే ఆయన్నే వాళ్లు డాక్టరు అంటారు" అంది. ఆర్‌ఎంపీ, మందుల షాపు, ఆసుపత్రి మూడూ ఒకే జవాబులో కలిసిపోయాయి. ఢాకాలోనూ నైరోబీలోనూ చాలామంది ముందు వెళ్లేది మందుల షాపుకే. అందుకని ప్రశ్నే మార్చాం: "ముందు ఎక్కడికి వెళ్లారు? అక్కడ తగ్గకపోతే తరువాత ఎక్కడికి?" పేరు, చోటు చెప్పించి, అది ఏ రకమో మేమే గుర్తుపెట్టుకున్నాం.

మూడోది కాలం. "గత మూడు నెలల్లో" అంటే ఎవరికీ లెక్క అందదు. అక్కడి గుర్తులతో ఒక క్యాలెండర్ తయారుచేయించండి: దసరా, రంజాన్, బడులు తెరిచిన రోజు, బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చినప్పుడు. 2024 సెప్టెంబర్ వరద చూసిన విజయవాడ బస్తీల్లో "వరదకు ముందా, తరువాతా?" అని అడిగితే తడుముకోకుండా చెబుతారు.

ప్రశ్న తయారుచేసే వరస ఇది.

ముందుగా, ఫారం లేకుండా ఎనిమిది, పది మందిని కూర్చోబెట్టి ఆ సంగతి గురించి మాట్లాడించండి. వాళ్లు వాడిన మాటలు అలాగే రాసుకోండి.

ఆ మాటలతో ప్రశ్న రాసి, ఇద్దరు ముగ్గురిని అడిగి, "నేనేం అడిగానని అనుకున్నారు?" అని తిరిగి చెప్పించండి. ఇదే అసలు పరీక్ష.

నాలుగు నగరాల టీములు తమ ప్రశ్న వెనక ఉన్న అర్థాన్ని ఒక్కో వాక్యంలో రాసి మార్చుకోండి. అర్థాలు కలవాలి, మాటలు కలవనక్కర్లేదు.

చివరగా, ప్రతి నగరంలో ఇరవై ఇళ్లలో అడిగి చూడండి. ఎక్కడ జవాబు ఆలస్యమైందో, ఎక్కడ నవ్వారో, ఎక్కడ మొహం తిప్పుకున్నారో పక్కన రాసుకోండి.

అడగాల్సిన అవసరం ఉందో లేదో కూడా చూసుకోండి. నైరోబీలోని కొరొగోచో, వివందాని బస్తీల్లో 2002 ప్రాంతం నుంచి ఇంటింటి ఆరోగ్య సమాచారం సేకరిస్తూ వచ్చారు. అలాంటి చోటికి వెళ్లి ఇంట్లో ఎంతమంది, పుట్టిందెప్పుడు అని మొదలుపెడితే తలుపు వేసేస్తారు. మా దగ్గరే ఒక పెద్దావిడ, "ఏం బాబూ, ఈ ఏడు మీరు మూడోవాళ్లు. ముందొచ్చినోళ్లు రాసుకుపోయిందంతా ఏమైంది?" అని మా కుర్రాణ్ని నిలదీసింది. వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

7. సమ్మతి: పెద్ద ఒప్పుకుంటే ఇల్లు ఒప్పుకున్నట్టు కాదు

బస్తీ సంఘం అనుమతి, చీఫ్ అనుమతి, కార్పొరేటర్ మాట ఇవన్నీ లోపలికి రావడానికే. ప్రతి మనిషి సమ్మతీ విడిగా తీసుకోవాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టులో చాలా ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. శిక్షణలో ఈ ఉదాహరణ చెప్పండి. మనవాళ్లకు వెంటనే ఎక్కుతుంది.

చదవలేనివాళ్లకు చదివి వినిపించి, టీముకు సంబంధం లేని సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటినవాళ్ల ఒప్పుదల కూడా అడగాలి. పన్నెండు దాటితే అది రాతపూర్వకంగా ఉండాలి.

ఫారం రెండు పేజీలు దాటితే ఎవరూ వినరు. ముందు ఐదు మాటలు చెప్పండి: మేమెవరం, ఏం అడుగుతాం, ఎంతసేపు, ఈ కాగితం ఎవరు చూస్తారు, వద్దంటే ఏమీ కాదు. ఈ చివరి మాటను జనం నమ్మరు. "సంతకం పెట్టకపోతే రేషన్ కార్డు తీసేస్తారా?" అని అడుగుతారు. నవ్వకండి. వాళ్ల భయానికి కారణాలు ఉంటాయి. ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్లు కూడా కాగితాలతోనే వచ్చి ఉంటారు.

8. మ్యాపులు, ఫొటోలు

ఇక్కడ ఉత్సాహం ఎక్కువ, జాగ్రత్త తక్కువ. మ్యాపు నేల మీద ముగ్గుపిండితో గీయించండి, తరువాత చార్టు మీద, ఆ తరువాతే ఫోన్లో జీపీఎస్ పాయింట్లు. నేల మీద గీస్తుంటే ముసలమ్మ కూడా వంగి, "ఈ కాలవ ఇటు కాదే" అంటుంది. ట్యాబ్ చూపిస్తే వెనక్కి జరుగుతుంది.

నీళ్ల పైపులు, మరుగుదొడ్లు, మందుల షాపులు గుర్తించవచ్చు. ఇళ్ల పాయింట్లు మాత్రం బయట పెట్టే మ్యాపులో ఉండకూడదు. సర్కారు స్థలంలో, రైల్వే పట్టాల పక్కన, కాలవ గట్టున ఉన్నవాళ్ల ఇళ్లు కచ్చితమైన పాయింట్లతో చూపిస్తే ఆ మ్యాపు కూల్చేవాళ్లకే ముందు ఉపయోగపడుతుంది. ఏ గుర్తు ఉండాలో, ఏది తీసేయాలో తేల్చాల్సింది బస్తీవాళ్లు.

ఫొటోవాయిస్ చేస్తుంటే కెమెరా చేతికిచ్చి తమ ఆరోగ్యాన్ని పాడుచేసేది ఏదో, కాపాడేది ఏదో వాళ్లనే తీయమనండి. మొహాలు కనిపిస్తే ఆ మనిషి అనుమతి విడిగా కావాలి. తీసిన మనిషి వద్దంటే ఎంత మంచి ఫొటో అయినా తీసేయాలి. మా దగ్గర అందరికన్నా బాగా వచ్చింది ఒకావిడ అరచేతి ఫొటో. చెత్తలో గాజుపెంకు గీరుకుని మానిన గీతలు. ప్రదర్శనకు పెడదామంటే, "మా అల్లుడు చూస్తే బాగోదు" అంది. పెట్టలేదు.

9. లెక్కలు కలిసి చదవండి

చాలా ప్రాజెక్టుల్లో బస్తీవాళ్ల పాత్ర సమాచారం ఇవ్వడంతో ముగుస్తుంది. అసలు పని ఇక్కడ మొదలవ్వాలి. ఇందుకు నాకు నచ్చిన నమూనా నికరాగువా రాజధాని మనాగ్వాలోనూ, మెక్సికోలోని గెరెరో రాష్ట్రంలోనూ చేసిన కామినో వెర్దె అధ్యయనం. దాని ఫలితాలు 2015లో వచ్చాయి. ఇళ్లలో దోమ పిల్లలు ఎక్కడ పెరుగుతున్నాయో, పిల్లల లాలాజలంలో డెంగీ ఆనవాళ్లు ఎలా ఉన్నాయో పరీక్షించి, ఆ పేట లెక్కలు ఆ పేటవాళ్ల ముందే పెట్టారు. ఏం చేయాలన్నది వాళ్లే తేల్చుకున్నారు. ఒకచోట చేసింది ఇంకోచోట చేయలేదు. అయినా పనిచేసిన పేటల పిల్లల్లో డెంగీ ఇన్ఫెక్షన్ మిగతా పేటలతో పోలిస్తే దాదాపు 29.5 శాతం తక్కువగా వచ్చింది.

దీన్ని మన చేతిలోకి తెచ్చుకోవడం ఇలా:

సర్వే ముగిసిన ఆరు వారాల్లోపు మొదటి లెక్కలు బస్తీకి తెండి. పూర్తి విశ్లేషణ కోసం ఆగితే ఏడాది పోతుంది.

ఒక మీటింగ్‌కి ఐదు అంకెలు మించకూడదు. శాతాలు వద్దు. "పది ఇళ్లలో ఏడింట" అని పది శనక్కాయలు పేర్చి చూపండి.

అంకె చెప్పేముందు వాళ్ల అంచనా అడగండి. అంచనాకూ లెక్కకూ ఎక్కడ తేడా వస్తే అక్కడే చర్చ పుడుతుంది.

"ఎందుకలా?" అని అడిగి నోరు మూసుకోండి. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే మీరు నింపకండి. ఇది నాకు ఇప్పటికీ కష్టమే.

వాళ్లు తప్పన్న అంకెను అక్కడే కొట్టేయకండి, సమర్థించకండి. గుర్తుపెట్టుకుని ఫారాలకు వెనక్కి వెళ్లి చూడండి. మా దగ్గర అలా చూస్తే రెండు వీధుల్లో అద్దెవాళ్లను పూర్తిగా వదిలేశామని తేలింది.

10. నాలుగు నగరాలను ఒక్కచోట పెట్టడం

అన్నిచోట్లా తప్పనిసరిగా అడిగే ప్రశ్నలు పది, పన్నెండు చాలు. మిగతావి ఆ నగరానివి. ఢిల్లీలోనో లండన్‌లోనో కూర్చున్నవాళ్లు ఈ పన్నెండును నలభై చేయాలని చూస్తారు. ఒక్కో ప్రశ్న చేర్చినప్పుడల్లా ఇంకొకటి తీయాలన్న షరతు పెట్టండి.

క్యాలెండర్‌లో ముందు మంచిరోజులు కాదు, చెడ్డరోజులు గుర్తుపెట్టండి. ఫ్రీటౌన్, ఢాకాల్లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కుండపోత. నైరోబీలో పెద్ద వానలు మార్చి నుంచి మే. విజయవాడలో మే నెల మధ్యాహ్నం ఏ ఇంటి గుమ్మంలోనూ నిలబడలేం. రంజాన్, క్రిస్మస్, ఎన్నికలు కూడా గీస్తే నాలుగు చోట్లా ఒకేసారి సర్వే చేసే నెల దొరకదు. దొరకదని ముందే ఒప్పుకుని విడివిడిగా చేయండి. ఏ ఊళ్లో ఏ నెలలో అడిగారో లెక్క పక్కన రాయండి.

ఆన్‌లైన్ మీటింగ్‌కి మధ్యాహ్నం 3 గంటలు పెట్టుకోండి. అప్పుడు ఢాకాలో మూడున్నర, నైరోబీలో పన్నెండున్నర, ఫ్రీటౌన్‌లో ఉదయం తొమ్మిదిన్నర. కాల్ ఇంగ్లిష్‌లో నడిస్తే బస్తీ ప్రతినిధులు గంటసేపు స్క్రీన్ మీద బొమ్మల్లా కూర్చుంటారు. ముందురోజు సొంత భాషలో అరగంట మాట్లాడి, ఏం చెప్పాలో వాళ్లతో తేల్చుకుని, కాల్‌లో వాళ్లు తెలుగులో మాట్లాడితే మీరు అనువదించండి. ఆలస్యమవుతుంది, కానివ్వండి.

11. చివరి మూడు నెలలు

బయటికి వచ్చే రోజు ఎప్పుడో మొదటి మీటింగ్‌లోనే చెప్పి ఉండాలి. ఇప్పుడు మిగిలేది ఇవి.

☐ పేపరు అచ్చుకు వెళ్లకముందే ఫలితాలు బస్తీకి
☐ రాతలో, విశ్లేషణలో పాలుపంచుకున్న సహపరిశోధకుల పేర్లు రచయితల్లో, వాళ్లు ఒప్పుకుంటేనే
☐ బస్తీ మ్యాపు, ముఖ్యమైన లెక్కలు ప్లాస్టిక్ షీట్ మీద అచ్చు వేయించి సంఘానికి
☐ పేర్లు, చిరునామాలు ఉన్న ఫారాలు ఎక్కడ, ఎన్నాళ్లు, తరువాత ఏమవుతాయో రాసిచ్చిన కాగితం
☐ వార్డు ఆఫీసుకు, పట్టణ ఆరోగ్య కేంద్రానికి వాళ్లతో కలిసి ఒకసారి వెళ్లడం, మాట్లాడేది వాళ్లే
☐ సహపరిశోధకులకు అనుభవ పత్రం, అడిగితే చెప్పడానికి ఒక పేరు

మ్యాపు ఎక్కడ వేలాడదీయాలన్నది సంఘం తేల్చాలి. మాది కమ్యూనిటీ హాలులో పెట్టాలనుకున్నాం. ఆ హాలుకు తాళం వేసి ఉంటుందని, రేషన్ షాపు పక్క గోడ అయితే అందరూ చూస్తారని ఆడవాళ్లు అటు మార్పించారు. దాని కింద ఒక ఫోన్ నంబరు వేయించాం. ప్రాజెక్టు ముగిశాక కూడా ఆ నంబరుకు ఫోన్లు వస్తాయి. కనీసం ఆర్నెల్లు దాన్ని ఎవరు ఎత్తుతారో, రీచార్జి ఎవరు చేయిస్తారో ఇప్పుడే బడ్జెట్‌లో రాసుకోండి.